వికీపీడియా చూసి రాసిందని ప్రాజెక్టుకి సున్నా వేశారు. పిల్లలు ఇంకెక్కడ చూడాలి?

పటమట_నాన్న
మా పాప తొమ్మిదో తరగతి, ప్రైవేటు స్కూలు. పేరు ఎందుకులెండి. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టుకి "మీ ఊళ్ళో ఒక చారిత్రక కట్టడం" అని ఇచ్చారు. ప్రకాశం బ్యారేజీ తీసుకుంది. రెండు రాత్రులు కూర్చుని పన్నెండు పేజీలు చేత్తో రాసింది. గేట్ల బొమ్మ కూడా తనే గీసింది, షీటు కొని అంటించలేదు. నిన్న పుస్తకం తిరిగొచ్చింది. అట్ట తియ్యగానే ఎర్ర పెన్నుతో "వికీపీడియా కాపీ, 0" అని ఉంది. లోపల ఒక్క పేజీలో టిక్కు లేదు, గీత లేదు. అంటే తిరగెయ్యను కూడా తిరగెయ్యలేదన్నమాట.

రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. నేను అడిగేది ఒక్కటే. వీళ్ళు ఇంకెక్కడ చూసి రాయాలి? స్కూల్లో లైబ్రరీ అంటే ప్రిన్సిపాల్ రూములో తాళం వేసిన బీరువా. వికీపీడియా చూడొద్దని ముందు ఎవరూ చెప్పలేదు. ఇక్కడ టీచర్లు కూడా ఉన్నారు కదా, మీరే చెప్పండి.

కృష్ణలంక_కుర్రోడు
సున్నా మరీ అన్యాయం అన్నా. బొమ్మ గీసినందుకైనా రెండు మార్కులు రావాలి.

అరండల్‌పేట_అమ్మ
మా దగ్గర దీనికి తిరగబడి ఉంది. మా వాడి మేడమే "వికీపీడియాలో ప్రింటు తీసి నీట్‌గా అంటించండి" అని డైరీలో రాసి పంపింది. వాడు అంటించాడు, చదవనైతే చదవలేదు. పదికి పది వచ్చినయ్. ఒక స్కూల్లో తప్పయింది ఇంకో స్కూల్లో ఒప్పెట్టా అయిద్దో నాకు అర్థం కాదు.

మాచవరం_జిరాక్స్
మాది స్కూళ్ళ పక్కన షాపు కాబట్టి రోజూ చూస్తా. సాయంత్రం ఆరు దాటాక తల్లిదండ్రులే వస్తారు. "బాబూ, కాలుష్యం మీద ఒకటి, గౌతమ బుద్ధుడి మీద ఒకటి తియ్యి" అంటారు, కూరగాయలు అడిగినట్టు. ఎన్ని పేజీలు అంటే "పది వచ్చేట్టు తియ్యి" అంటారు. ఏం రాసుందో వాళ్ళు చూడరు, నేనూ చూడను, స్పైరల్ కొట్టి ఇచ్చేస్తా. మొన్న ఒకాయన పట్టుకెళ్ళిన కాగితాల్లో సగం పేజీలు అడుగున ఉండే లింకుల జాబితానే. మీ పాప చేత్తో రాసిందంటున్నారు, ఆ ఒక్క ముక్కకే నేనైతే పాసు చేస్తా.

సోషల్_మేడమ్_గుంటూరు
ఎర్ర పెన్ను పట్టుకునే వైపు నుంచి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ప్రభుత్వ హైస్కూల్లో పదిహేడేళ్ళుగా సోషల్ చెప్తున్నా.

ఒకసారి తెలుగు మీడియం పిల్లల ప్రాజెక్టులు దిద్దుతుంటే ఒక అమ్మాయి పుస్తకంలో ప్రతి శీర్షిక పక్కనా బ్రాకెట్లో "మార్చు" అని ఉంది. "జననం (మార్చు)", "బాల్యం (మార్చు)", "స్వాతంత్ర్యోద్యమం (మార్చు)". నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. తెలుగు వికీపీడియాలో శీర్షిక పక్కన దిద్దుకోడానికి ఇచ్చే మీట అది. ఆ పిల్ల దాన్ని కూడా గుండ్రంగా, ముత్యాల్లాగా చేత్తో దించింది. వాక్యాల చివర 3, 7, 12 అని చిన్న అంకెలు కూడా వదల్లేదు. ఈ అంకెలేంటమ్మా అని అడిగితే "అక్కడ ఉన్నయ్ మేడమ్" అంది. తిట్టబుద్ధి కాలేదు. ఆ అంకెలేంటో ఆ పిల్లకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ప్రాజెక్టు ఇచ్చిన రోజు నేను చెప్పింది "పదిహేనో తారీకు లోపు ఇవ్వండి" అని మాత్రమే.

కాబట్టి సున్నా తప్పే. కానీ నాన్నగారూ, మీరు రెండు సంగతులు చూసి చెప్పండి. పాప చదివి సొంతంగా రాసిందా, వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు దించిందా? రెండోది, లోపల తప్పులేమైనా ఉన్నాయా?

పటమట_నాన్న
మేడమ్, మీరు అడిగారని కూర్చుని మొత్తం చదివాను. దాచుకోడమెందుకు, సగం వాక్యాలు దించినవే. తప్పులు నాకు ఒకటి కనపడింది. మూడో పేజీలో "ప్రకాశం బ్యారేజీని 1855లో కాటన్ దొర కట్టించాడు" అని ఉంది. 1855 అంత పాతదా అని అనుమానం వచ్చింది గానీ నాకూ సరిగ్గా తెలీదు. చిన్నప్పటి నుంచి దాని మీద తిరుగుతున్నవాణ్ణే.

బ్రాడీపేట_4వ_లైను
చూశారా, ఇదే నా బాధ. ముప్పై ఏళ్ళు కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యాను. ఎవరు పడితే వాళ్ళు రాసేదాన్ని విజ్ఞాన సర్వస్వం అంటే ఎలా ఒప్పుకుంటాం? 2005లో అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పేరున్న జర్నలిస్టు మీద, కెన్నెడీ సోదరుల హత్యల్లో అనుమానితుడని ఎవరో సరదాకి రాసేశారు. నాలుగు నెలలకు పైగా అలాగే ఉంది ఆ పేజీ. పెద్దమనిషి స్వయంగా పత్రికకెక్కి మొత్తుకుంటే గానీ లోకానికి తెలీలేదు. అంత పేరున్నవాడికే ఆ గతి పడితే మన బ్యారేజీని ఎవడు పట్టించుకుంటాడు? ఆ టీచరు చేసింది సరైన పనే, చెప్పిన తీరు బాగాలేదంతే.

తెనాలి_వాడుకరి
తెలుగు వికీపీడియాలో పదేళ్ళుగా రాస్తున్నా, కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నా. బ్రాడీపేట మాస్టారు చెప్పిన సీగెంథాలర్ సంగతి అక్షరాలా నిజం. ఆ గొడవ తర్వాతే ఇంగ్లీషు వికీలో ఖాతా లేనివాళ్ళు కొత్త పేజీ మొదలుపెట్టకుండా ఆపారు.

ముందు పాప ప్రాజెక్టు దగ్గరికొద్దాం, ఎందుకంటే ఆ తప్పు వికీపీడియాది కాదు. కృష్ణ మీద మన దగ్గర రెండు కట్టడాలు వచ్చాయి. మొదటిది ఆనకట్ట. ఆర్థర్ కాటన్ ప్రతిపాదన మీద కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాదాపు వందేళ్ళు డెల్టాకి నీళ్ళిచ్చి 1952లో గండి పడింది. ఆ తర్వాత దానికి కొంచెం ఎగువన 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తి చేసింది ఇప్పుడున్న బ్యారేజీ. 1223 మీటర్ల పైచిలుకు పొడవు, 70 గేట్లు, పైన రోడ్డు. వ్యాసంలో రెండింటి కథా ఒకదాని వెనక ఒకటి వస్తుంది. పాప రెండు పేరాల్ని ఒకటి చేసేసింది. పెద్దవాళ్ళు కూడా రోజూ చేసే పొరపాటే ఇది. విజయవాడలో పదిమందిని ఆపి అడగండి, సగం మంది కాటన్ దొర బ్యారేజీ అనే అంటారు.

ఇంకోటి. ఈ తప్పు పట్టుకోడానికి ఇంకో పుస్తకం కూడా అక్కర్లేదు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు పుట్టింది 1872లో. 1855లో కట్టినదానికి ఆయన పేరెలా పెడతారు? పాపని ఈ ఒక్క ప్రశ్న అడగండి. తనే పట్టుకుంటుంది.

పటమట_నాన్న
ఇప్పుడే అడిగాను. రెండు నిమిషాలు పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుంది. "అయితే మొదట వేరే పేరు ఉండి తర్వాత మార్చారేమో నాన్నా" అంది. నేను బిత్తరపోయా, అదీ నిజమే కదా. తర్వాత మళ్ళీ పేజీ తెరిచి చదివి "ఓహో, రెండు ఉన్నయ్" అని అరిచింది. ఈపూట అన్నం తిన్నది.

సోషల్_మేడమ్_గుంటూరు
"పేరు మార్చారేమో" అన్నదే, ఆ మాటకి నేను ఐదు మార్కులు వేస్తా. అదే ప్రాజెక్టు అంటే.

బ్రాడీపేట_4వ_లైను
పాప తెలివైంది, సంతోషం. కానీ తెనాలి గారూ, మీ మాటకి నా దగ్గర ఇంకో రెండు ఉదాహరణలున్నాయి. 2008లో ఒక అమెరికా కుర్రవాడు కోవాటి అనే జంతువు పేజీలో "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్ అని కూడా అంటారు" అని ఊరికే ఒక ముక్క చేర్చాడు. అలాంటి పేరే లేదు. అది చూసి పత్రికలు రాశాయి. పత్రికలు రాశాయి కాబట్టి వాటినే వికీపీడియాలో ఆధారంగా చూపించారు. అబద్ధం గుండ్రంగా తిరిగొచ్చి నిజమై కూర్చుంది. పిల్లవాడు రెండు చోట్ల చూసి "సరిపోయింది" అనుకుంటే ఆ రెండూ ఒకే చోటి నుంచి వచ్చినవే కావచ్చు. రెండోది స్కాట్స్ భాష వికీపీడియా. 2020లో బయటపడింది, వేల వ్యాసాలు ఆ భాషే రాని ఒక అమెరికా కుర్రవాడు రాసుకుంటూ పోయాడని. చిన్న భాషల్లో చూసేవాళ్ళు తక్కువ. తెలుగుకి ఆ ప్రమాదం లేదంటారా?

తెనాలి_వాడుకరి
ఉంది మాస్టారూ. లేదంటే అబద్ధం చెప్పినట్టే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టారు. ఇవాళ లక్షకు పైగా వ్యాసాలున్నాయి. కానీ రోజూ కూర్చుని రాసేవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. యంత్రంతో అనువదించి పారేసిన పేజీలు కొన్ని చదువుతుంటే పళ్ళ కింద రాయి పడ్డట్టుంటుంది. ఊళ్ళ పేజీలు చాలావరకు 2011 జనాభా లెక్కల అంకెలు. మా అమ్మమ్మగారి ఊరి పేజీలో ఎవరో తమ ఇంటి పేరుతో అరపేజీ పొగడ్త రాసుకుంటే నేనే తీసేశా, వాళ్ళెవరో నాకు తెలిసి కూడా.

అయితే ఒకటి. ఆ పొగడ్త ఎవరు ఎప్పుడు చేర్చారో, నేనెప్పుడు తీశానో పైన "చరిత్ర" నొక్కితే ఇప్పటికీ కనపడుతుంది. పక్కన "చర్చ" నొక్కితే మేం కొట్టుకున్నది కూడా కనపడుతుంది. నమ్మకం లేని వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అని పెడతాం. అచ్చు పుస్తకంలో తప్పు పడితే తర్వాతి ముద్రణ దాకా ఆగాలి, ముద్రణే ఆగిపోతే అంతే సంగతులు. బ్రిటానికా అనే ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం అచ్చు సంపుటాలు 2012లో ఆపేశారు కదా. 2005లో నేచర్ పత్రిక 42 సైన్సు వ్యాసాలు తీసుకుని వికీపీడియా, బ్రిటానికా రెండింటినీ నిపుణుల చేత దిద్దించింది. వికీపీడియాలో 162 పొరపాట్లు, బ్రిటానికాలో 123. ఆ లెక్కని బ్రిటానికా వాళ్ళు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. పెద్ద తప్పులు మాత్రం రెండింట్లో నాలుగేసి. నేను వికీపీడియా గొప్పదని చెప్పడానికి ఈ లెక్క తీయట్లేదు. బ్రిటానికాలో కూడా 123 ఉన్నాయని పిల్లలకి చెప్పాలి అంటున్నా.

కృష్ణలంక_కుర్రోడు
బ్రిటానికాలో తప్పులా! మా తాత బీరువాలో పెట్టి దసరాకి పసుపు రాసేవాడు దానికి.

అరండల్‌పేట_అమ్మ
మా ఇంట్లో కూడా అంతే, సరస్వతి పూజకి ఎక్కేది, తర్వాత ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు 😀

ఇంటర్_ఎంపీసీ
పెద్దవాళ్ళంతా వికీపీడియా గురించి కొట్టుకుంటున్నారు గానీ మా క్లాసులో అది తెరిచేవాళ్ళే లేరు. చాట్‌బాట్‌ని అడుగుతాం, రాసిచ్చేస్తది. పది నిమిషాల పని. సార్లకి తెలీదు కూడా, ఎందుకంటే ఎక్కడా అట్టాంటి వాక్యం దొరకదు.

బ్రాడీపేట_4వ_లైను
బాబూ, రాసిచ్చేస్తది సరే. అది ఎక్కడ చూసి చెప్పిందో నీకు తెలుసా?

ఇంటర్_ఎంపీసీ
అడిగితే పుస్తకాల పేర్లు చెప్పుద్ది సార్. ఒకసారి పింగళి వెంకయ్య గారి మీద సెమినార్ ఉంటే ఒక పుస్తకం పేరు చెప్పింది, పేజీ నెంబరుతో సహా. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులన్నీ తిరిగా. ఎక్కడా లేదు. షాపాయన నవ్వి "అసలు అట్టాంటి పుస్తకమే రాలేదు నాయనా, ఎవరు చెప్పారు నీకు" అన్నాడు. ఎండలో సైకిలు మీద ఏలూరు రోడ్డంతా తిరిగానండి ఆరోజు. చాలా కోపం వచ్చింది.

బ్రాడీపేట_4వ_లైను
నువ్వు వెతకడానికి వెళ్ళావు చూడు, అందుకు శెభాష్. మీ క్లాసులో ఇంకెవరూ వెళ్ళి ఉండరు.

నా మాట కొంచెం సవరించుకుంటున్నా. ఈ చాట్‌బాట్ల కంటే వికీపీడియా నయం. అక్కడ కనీసం అడుగున మూలాలుంటాయి, పుస్తకం పేరు ఉంటే పుస్తకం ఉంటుంది. తప్పుంటే ఎవరిదో పట్టుకోవచ్చు.

తెనాలి_వాడుకరి
పింగళి వెంకయ్య గారి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన పుట్టిన సంవత్సరం ఒక చోట 1876 అని, ఇంకో చోట 1878 అని కనపడుతుంది. 2022లో ప్రభుత్వాలు 146వ జయంతి జరిపాయి, అంటే 1876 లెక్క. పిల్లలు ఈ రెండు అంకెలు చూసినప్పుడు ఒకటి చెరిపేసి రెండోది రాస్తారు, ఎందుకంటే ఒకటే జవాబుండాలని మనం నేర్పాం. రెండూ రాసి "ఇందులో ఇలా ఉంది, అందులో అలా ఉంది" అని రాస్తే మార్కులు తీసేసే టీచర్లను చూశా. పాపం, పిల్లవాడు నిజం రాశాడు.

సోషల్_మేడమ్_గుంటూరు
అది తగిలింది నాకు. నేను కూడా ఒకప్పుడు తీసేసినదాన్నే.

లైబ్రరీ_తాతయ్య
గ్రంథాలయ సంస్థలో పనిచేసి దిగిపోయాను. ఇదంతా రెండు రోజులుగా చదువుతున్నా, ఎవరైనా లైబ్రరీ మాట ఎత్తుతారేమోనని. మొదటి పోస్టులో తాళం వేసిన బీరువా తప్ప ఇంకెవరూ ఎత్తలేదు.

మీరంతా ఏ నేల మీద కూర్చుని ఈ మాటలు మాట్లాడుతున్నారో ఒకసారి గుర్తు చేస్తా. తెలుగులో మొట్టమొదట విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు మన పెనుగంచిప్రోలులో పుట్టారు. ఒక్క "అ" అక్షరానికే మూడు సంపుటాలు తెచ్చారాయన. 1923లో పని మధ్యలోనే పోయారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, ఆయనా కృష్ణా జిల్లావారే, ఆ పని నెత్తికెత్తుకున్నారు. 1914 ఏప్రిల్లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది బెజవాడలో. దాని వెనక ఉన్నది అయ్యంకి వెంకట రమణయ్య గారు. పల్లెపల్లెకీ పుస్తకం చేరాలని తిరిగినవాళ్ళు. ఈ ఊరి పిల్ల బ్యారేజీ గురించి రాయాలంటే "ఇంకెక్కడ చూడాలి" అని తండ్రి అడగాల్సి వచ్చిందంటే నాకు గొంతు పట్టేసింది.

పిల్లలు లైబ్రరీకి రారని నేను అనను. మేం రానిచ్చే పద్ధతి కూడా అలాగే ఉంది. రిఫరెన్సు గదిలోకి స్కూలు పిల్లలు వస్తే "ఇక్కడ కాదు, పోటీ పరీక్షల వాళ్ళు చదువుకుంటున్నారు" అని బయటికి పంపిన రోజులు నాకు తెలుసు. నేనే పంపాను కొందరిని. పాత జిల్లా గెజిటీర్లు, మాన్యువళ్ళు, అంటే జిల్లా వివరాలన్నీ ఉండే పుస్తకాలు, బీరువాల్లో ఉంటాయి. అడిగిన పిల్ల చేతికి ఇస్తే చినిగిపోతాయని భయం. చినిగినా పర్వాలేదని ఇప్పుడనిపిస్తుంది.

కృష్ణలంక_కుర్రోడు
తాతగారూ, ఒక్క అ కే మూడు సంపుటాలా! క్ష దాకా వెళ్ళుంటే ఇల్లు పట్టేది కాదు.

లైబ్రరీ_తాతయ్య
వెళ్ళుంటే మన ఇళ్ళన్నీ ఇంకోలా ఉండేవి నాయనా.

సత్తెనపల్లి_మాస్టారు
పల్లెటూరి బడి సంగతి నేను చెప్తా. మాకు నెట్టు వస్తే వచ్చిద్ది లేకపోతే లేదు. కివిక్స్ అని ఉందండి, వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దింపుకుని నెట్టు లేకుండా చదువుకోవచ్చు. తెలుగుది కూడా ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో వేసి క్లాసులో పెట్టా. ఖర్చు సున్నా.

నేను పెట్టిన నియమం ఒకటే. వ్యాసంలోంచి ఒక వాక్యం రాస్తే దాని పక్కన ఉన్న చిన్న అంకె పట్టుకుని కిందికి పోయి, అది ఏ పుస్తకమో ఏ పేపరో చూసి రాయాలి. అంకె లేకపోతే "దీనికి ఆధారం లేదు" అని రాయాలి. ఇంకా ఊళ్ళో ఒక మనిషిని అడిగి ఒక సంగతి రాయాలి. మొదటిసారి ఇరవై ఎనిమిది మందిలో ముగ్గురు చేశారు. మూడోసారికి అందరూ చేశారు. ఒక కుర్రాడు వాళ్ళ ఊరి పేజీ చూసి "సార్, ఇందులో మా చెరువు లేదు" అని ఏడుపు మొహం పెట్టాడు. నీళ్ళు తాగే చెరువు లేకపోతే వాడికి ఊరే లేనట్టుంది.

తెనాలి_వాడుకరి
మాస్టారూ, ఆ చెరువుని చేర్చుదాం. కానీ "నేను చూశాను" అంటే సరిపోదు అక్కడ, అచ్చులో ఎక్కడైనా ఉండాలి. పంచాయతీ రికార్డో, పేపర్లో వచ్చిన ముక్కో ఏదైనా దొరుకుతుందేమో చూడమనండి. పిల్లవాడికి ఖాతా తెరిచి ముందు "ప్రయోగశాల"లో రాయించండి, అక్కడ ఎంత తప్పు రాసినా ఎవరూ ఏమీ అనరు. ఫోటో మాత్రం వాడే తీసి పెట్టొచ్చు.

బ్రాడీపేట_4వ_లైను
చెరువు ఉందనడానికి కాగితం కావాలా? పిల్లవాడు రోజూ ఈదేది చాలదా? ఇదీ నాకు మింగుడుపడనిది మీ వికీపీడియాలో.

తెనాలి_వాడుకరి
మాకూ బాధే మాస్టారూ. కానీ ఆ నియమం తీసేస్తే సీగెంథాలర్ పేజీ మళ్ళీ వస్తుంది. మీరే చెప్పారు.

బ్రాడీపేట_4వ_లైను
సరే. ఆ చెరువు గురించి నేను ఒక చిన్న వ్యాసం రాసి పత్రికకి పంపుతా. వేసుకుంటే మీకు మూలం దొరుకుతుంది. సత్తెనపల్లి మాస్టారు వివరాలు పంపండి.

సత్తెనపల్లి_మాస్టారు
ఇంతకన్నా ఏం కావాలండి! సోమవారం వాడి చేతే రాయించి పంపుతా.

మాచవరం_జిరాక్స్
నేనూ ఒక పని చేశా. నిన్నటి నుంచి ప్రాజెక్టు ప్రింటు అడిగినవాళ్ళకి "ఒకసారి ఇక్కడే కూర్చుని చదివి ఏ పేజీలు కావాలో చెప్పండి" అని స్టూలు వేస్తున్నా. ఇద్దరు విసుక్కుని వెళ్ళిపోయారు. ఒకావిడ కూర్చుంది, పది పేజీలు అన్నది నాలుగు తీసుకుంది. ఆరు కాగితాల డబ్బులు పోయినయ్, పోనీ.

పటమట_నాన్న
అందరికీ ఏమైందో చెప్పాలి. నిన్న స్కూలుకి వెళ్ళా. గొడవ పెట్టుకుందామనే వెళ్ళా, నిజం చెప్తున్నా. ఆ టీచరు చిన్నమ్మాయి, పాతికేళ్ళుంటాయి. ఐదు సెక్షన్లట, టేబుల్ మీద పుస్తకాలు గోపురంలా ఉన్నాయి. "సార్, నాకు నలభై పుస్తకాల్లో అవే వాక్యాలు వచ్చాయి. ఎవరు చదివి రాశారో ఎవరు దించారో నాకు తెలీలేదు" అంది. మా పాప పుస్తకం తెరిచి గేట్ల బొమ్మ చూపించా. కాసేపు చూసింది. డెబ్బై గేట్లూ లెక్కపెట్టి గీసిందని అప్పుడు తెలిసింది ఆవిడకి. నాకూ అప్పుడే తెలిసింది. మళ్ళీ రాసి సోమవారం తెమ్మంది, అందరికీ అదే అవకాశం ఇస్తానంది. సత్తెనపల్లి మాస్టారి నియమం ఆవిడకి చెప్తే కాగితం మీద రాసుకుంది.

పొద్దున ఐదున్నరకి పాపని తీసుకుని బ్యారేజీ మీదకి నడకకి వెళ్ళాం. సీతానగరం వైపు దాకా నడిచి వెనక్కొచ్చాం. దారిలో మా పెదనాన్నకి ఫోన్ చేయించా. ఆయనకి ఎనభై దాటాయి. ఆనకట్టకి గండి పడ్డప్పుడు చిన్నపిల్లాడట, వాళ్ళ నాన్న భుజం మీద కూర్చుని చూశానని చెప్పాడు. నీళ్ళ చప్పుడు ఇంట్లోకి వినపడేదట. పాప ఫోన్ స్పీకర్లో పెట్టి అక్కడే రెయిలింగ్ మీద నోటుపుస్తకం ఆనించి రాసుకుంది. రాసి, "నాన్నా, దీనికి అంకె ఏం వెయ్యాలి?" అని అడిగింది.

లైబ్రరీ_తాతయ్య
తాత చెప్పాడని రాసి, ఏ తారీకున ఫోన్‌లో చెప్పాడో రాయమనండి. అదీ మూలమే. గండి పడ్డ రోజుల పేపర్లు దొరుకుతాయేమో ఠాగూర్ లైబ్రరీలో కూర్చుని వెతుకుదాం. నేను తోడు వస్తా.

పటమట_నాన్న
శుక్రవారం రమ్మంటారా?

లైబ్రరీ_తాతయ్య
శుక్రవారం సెలవు. శనివారం పొద్దున తొమ్మిదికి బందరు రోడ్డు మీద గేటు దగ్గర ఉంటా. పాపకి పెన్సిలు తెచ్చుకోమనండి, పాత కాగితాల దగ్గర పెన్ను వాడనివ్వను.